సుడో కొట్టే ముందు ఒక్క నిమిషం: థర్డ్ పార్టీ రిపోజిటరీల కథ

లైనక్స్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళు నాకు ఎక్కువగా పెట్టే మెసేజ్ ఒకటుంది. "అన్నా, ఈ సాఫ్ట్‌వేర్ కావాలంటే నాలుగు కమాండ్లు కాపీ పేస్ట్ చేయమంటున్నారు. చేసేయొచ్చా?" ఈ ఎపిసోడ్ మొత్తం ఆ నాలుగు కమాండ్ల గురించే. ఉబుంటు, డెబియన్, లైనక్స్ మింట్, వీటిలో ఏది వాడుతున్నా మీకు పనికొస్తుంది.

మొదటి కమాండ్ ఒక కీ ఫైల్‌ని డౌన్‌లోడ్ చేస్తుంది. రెండోది ఒక రిపోజిటరీ అడ్రస్‌ని మీ సిస్టమ్‌లో రాసిపెడుతుంది. మూడోది అప్‌డేట్, అంటే ఆ అడ్రస్‌కి వెళ్ళి ప్యాకేజీల లిస్ట్ తెచ్చుకోవడం. నాలుగోది ఇన్‌స్టాల్. మనందరి చూపూ నాలుగో దాని మీదే ఉంటుంది. అది నిమిషంలో అయిపోతుంది. కానీ రెండో కమాండ్ రాసిన ఆ లైన్ మీరు తీసేదాకా అక్కడే ఉంటుంది. వచ్చే నెల, వచ్చే సంవత్సరం, మీరు అప్‌గ్రేడ్ కొట్టిన ప్రతిసారీ ఆ అడ్రస్ నడిపేవాళ్ళు పెట్టింది మీ మెషీన్‌లోకి రావచ్చు.

కాబట్టి రిపోజిటరీ యాడ్ చేయడమంటే, ఒక మనిషికి మన ఇంట్లోకి ఎప్పుడైనా వచ్చి వెళ్ళే వీలు ఇవ్వడమన్నమాట. ఇవ్వకూడదు అని నేను అనట్లేదు. నా ల్యాప్‌టాప్‌లో కూడా ఉన్నాయి. కాకపోతే ఎవరికి ఇచ్చాం, ఏ గది వరకు ఇచ్చాం, ఎన్నాళ్ళు ఇచ్చాం, ఈ మూడూ మనకి తెలిసి ఉండాలి. ఇవాళ ఈ మూడూ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మనందరి చేతిలో ఉన్న ఫోన్‌తో మొదలుపెడదాం. ఆండ్రాయిడ్‌లో బయటి నుంచి ఏపీకే ఫైల్ వేసుకుంటే ఫోన్ ఒక వార్నింగ్ చూపిస్తుంది కదా. ఓకే కొట్టి వేసుకున్నారనుకోండి. అప్పుడు కూడా మీకు రెండు రక్షణలు మిగిలే ఉంటాయి. ఒకటి, ప్రతి యాప్ తన సొంత గదిలోనే ఉంటుంది. పక్క యాప్ ఫైళ్ళని నేరుగా ముట్టుకోలేదు. రెండు, యాప్‌కి అప్‌డేట్ రావాలంటే, మొదట ఏ కీతో సైన్ చేశారో అదే కీతో సైన్ చేసి ఉండాలి. అంటే గేమ్ చేసినవాడు వాట్సాప్‌కి అప్‌డేట్ పంపలేడు.

ఇప్పుడు ఉబుంటుకి రండి. ఇక్కడ డెబ్ ప్యాకేజీకి ఆ రెండు రక్షణలూ లేవు. ప్యాకేజీ లోపల చిన్న స్క్రిప్టులు ఉంటాయి, ఇన్‌స్టాల్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి, తీసేటప్పుడు ఇంకొకటి. ఇవి రూట్ పవర్‌తో రన్ అవుతాయి. రూట్ అంటే మెషీన్‌లో ఏ ఫైలైనా చదవొచ్చు, మార్చొచ్చు, తుడిచేయొచ్చు. రెండోది ఇంకా ముఖ్యం. ఒక రిపోజిటరీ ఏ పేరుతోనైనా ప్యాకేజీ పెట్టొచ్చు. ఉదాహరణకి, ఉబుంటులో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకటుంది, పేరు ఫాంట్స్ టెలూ. మీరు స్క్రీన్ రికార్డర్ కోసం ఒక రిపోజిటరీ యాడ్ చేశారనుకోండి. ఆ రిపోజిటరీ అతను రేపు అదే ఫాంట్స్ టెలూ పేరుతో, ఇంకాస్త పెద్ద వెర్షన్ నంబర్‌తో ఒక ప్యాకేజీ పెడితే? మీరు అప్‌గ్రేడ్ కొట్టగానే యాప్ట్ దాన్నే తీసుకుంటుంది. ఎందుకంటే యాప్ట్ దృష్టిలో రెండు రిపోజిటరీలూ సమానం, రెండిటికీ 500 మార్కులు. మార్కులు సమానమైతే వెర్షన్ పెద్దది ఎవరిదో వాళ్ళది గెలుస్తుంది. అంతే లెక్క.

ఈ 500 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, మొదటి ప్రశ్న, ఎవరికి ఇచ్చాం? ఇది తేల్చేది కీ. రిపోజిటరీలో ఇన్‌రిలీజ్ అని ఒక ఫైల్ ఉంటుంది. దాని మీద రిపోజిటరీ ఓనర్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ ఫైల్‌లో ప్యాకేజీల లిస్ట్ తాలూకు హ్యాష్ ఉంటుంది, ఆ లిస్ట్‌లో ప్రతి ప్యాకేజీ తాలూకు హ్యాష్ ఉంటుంది. గొలుసులాగా. మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా గొలుసు తెగిపోతుంది, యాప్ట్ ఎర్రర్ ఇస్తుంది. అందుకే చాలా మిర్రర్లు మామూలు హెచ్‌టీటీపీ మీద నడిచినా ప్యాకేజీని దారిలో మార్చడం కుదరదు. గొలుసు మొత్తం వేలాడేది ఆ ఒక్క కీ మీద.

మన వ్యూయర్ ఒకతను పోయిన నెల మెసేజ్ పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో మూడు మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాడు. ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుని నడుపుతున్నాడు. ఒకరోజు అప్‌డేట్ కొడితే పబ్లిక్ కీ లేదు అని ఎర్రర్ వచ్చింది. నెట్‌లో వెతికితే ఎవరో చెప్పారట, ఆ రిపోజిటరీ లైన్‌లో ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్ అని చేర్చు, ఎర్రర్ పోతుంది అని. చేర్చాడు, పోయింది. "అన్నా, ప్రాబ్లమ్ సాల్వ్ అయింది, ఇంకెవరికైనా వస్తే చెప్పు" అని నాకే టిప్ ఇచ్చాడు.

తమ్ముడూ, సాయం చేద్దామన్న నీ మనసు మంచిది. కానీ అక్కడ ఏం జరిగిందో చూడు. గేటు తాళం తుప్పు పట్టి తెరుచుకోవట్లేదని తాళమే పీకి పారేశాం. ఆ సెట్టింగ్ పెట్టాక యాప్ట్ ఆ రిపోజిటరీ సంతకాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఇప్పుడు ఆ సర్వర్‌కీ రిపోజిటరీకీ మధ్యలో కూర్చున్న ఎవరైనా, లేదా ఆ డొమైన్ ఎక్స్‌పైర్ అయితే దాన్ని కొనుక్కున్న ఎవరైనా, ఏ ప్యాకేజీనైనా పంపొచ్చు. అది రూట్‌గా రన్ అవుతుంది. ఆ సర్వర్‌లో ఉన్నవి మూడు షాపుల లెక్కలు, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ మందు కొన్నారో వివరాలు. కీ చెక్ ఉన్నంతవరకు డొమైన్ ఎవరి చేతికి వెళ్ళినా భయం తక్కువ, ఎందుకంటే కొత్త ఓనర్ దగ్గర పాత కీ ఉండదు. ఆ ఎర్రర్ మనల్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదు, కాపాడటానికే వచ్చింది.

అలాంటి ఎర్రర్ వస్తే సరైన పని ఇది. ఆ సాఫ్ట్‌వేర్ అఫీషియల్ వెబ్‌సైట్‌కి వెళ్ళండి. కీ మార్చామని అక్కడ చెప్పారేమో చూడండి. కొత్త కీ డౌన్‌లోడ్ చేసి, జీపీజీ షో కీస్ కమాండ్‌తో దాని ఫింగర్‌ప్రింట్ చూడండి. అది 40 అక్షరాల పొడవైన నంబర్. వెబ్‌సైట్‌లో ఇచ్చిన దానితో మొత్తం సరిపోల్చండి, చివరి నాలుగు అంకెలు చూసి వదిలేయకండి. వెబ్‌సైట్‌లో కీ గురించి ఏమీ లేకపోతే ఆ రిపోజిటరీని ఆపేయండి. ఆ తమ్ముడు అదే చేశాడు, కీ మార్చాక ఆ సెట్టింగ్ తీసేశాడు.

ఇక రెండో ప్రశ్న, ఏ గది వరకు? ఇక్కడ రెండు పనులు చేయాలి.

మొదటిది కీని ఒక్క తలుపుకే పరిమితం చేయడం. పాత ట్యుటోరియల్స్‌లో యాప్ట్ కీ యాడ్ అనే కమాండ్ కనిపిస్తుంది. దాంతో యాడ్ చేసిన కీ ఒక ఉమ్మడి గుత్తిలోకి వెళ్ళిపోయేది. ఆ గుత్తిలో ఉన్న ఏ కీతోనైనా సైన్ చేసిన రిపోజిటరీని యాప్ట్ నమ్మేసేది, మీరు ఏ యాప్ కోసం యాడ్ చేశారన్నది దానికి అనవసరం. అందుకే ఆ కమాండ్‌ని డెబియన్ వాళ్ళు వద్దన్నారు. మీరు చూస్తున్న ట్యుటోరియల్‌లో యాప్ట్ కీ కనిపించిందంటే అది పాతదని అర్థం, ఇంకోటి వెతుక్కోండి.

ఇప్పటి పద్ధతి ఏంటంటే, కీ ఫైల్‌ని ఈటీసీలో యాప్ట్ ఫోల్డర్, అందులో కీరింగ్స్ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. రిపోజిటరీ ఫైల్‌లో సైన్డ్ బై అని రాసి, ఆ కీ ఎక్కడుందో చూపించాలి. అప్పుడు ఈ రిపోజిటరీకి ఈ కీ మాత్రమే, ఈ కీ ఇంకెక్కడా పనిచేయదు. ఉబుంటు 24.04 నుంచి డీఫాల్ట్‌గా వచ్చే ఫైల్ కూడా ఇలాగే ఉంటుంది. సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో, డాట్ సోర్సెస్ అనే ఎక్స్‌టెన్షన్‌తో. స్క్రీన్ మీద చూడండి. టైప్స్, యూఆర్ఐస్, సూట్స్, కాంపొనెంట్స్, సైన్డ్ బై, ఇలా లైన్ బై లైన్ ఉంటుంది కాబట్టి చదవడం ఈజీ. తాత్కాలికంగా ఆపాలంటే ఎనేబుల్డ్, నో అని ఒక లైన్ చేరిస్తే చాలు, డిలీట్ చేయక్కర్లేదు.

కానీ సైన్డ్ బై పెడితే అన్నీ అయిపోయాయి అనుకోవద్దు. ఇందాకటి ఫాంట్స్ టెలూ ఉదాహరణ గుర్తుందా? అతను తన సొంత రిపోజిటరీలో, తన సొంత కీతోనే ఆ ప్యాకేజీ పెట్టాడు. సంతకం కరెక్టే. కాబట్టి సైన్డ్ బై దాన్ని ఆపలేదు. ఆపాలంటే రెండో పని కావాలి, దాని పేరు పిన్నింగ్. ఇందాకటి 500 మార్కులు ఇక్కడికే వస్తాయి.

ప్రిఫరెన్సెస్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ రాస్తే ఎవరికి ఎన్ని మార్కులో మనమే డిసైడ్ చేయొచ్చు. ఫలానా రిపోజిటరీ నుంచి వచ్చే అన్ని ప్యాకేజీలకీ మైనస్ 10. మైనస్ అంటే అసలు ఇన్‌స్టాల్ చేయొద్దని. దాని కిందే, అదే రిపోజిటరీ నుంచి నాకు కావలసిన ఆ ఒక్క ప్యాకేజీకి 500. పేరు పెట్టి రాసిన రూల్, అన్నిటికీ కలిపి రాసిన రూల్ కంటే బలమైనది. కాబట్టి స్క్రీన్ రికార్డర్ వస్తుంది, ఫాంట్స్ టెలూ రాదు. ఆ యాప్‌కి తోడుగా ఇంకో ప్యాకేజీ అదే రిపోజిటరీ నుంచి కావాలంటే యాప్ట్ ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు ఆ పేరు కూడా చేర్చుకోండి. కావాలని ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నాం, అదీ తేడా.

ఈ మైనస్ 10 నేను కనిపెట్టింది కాదు. 2020లో లైనక్స్ మింట్ 20 వచ్చినప్పుడు, తమ యూజర్లకి తెలియకుండా స్నాప్ స్టోర్ ఇన్‌స్టాల్ అవ్వకూడదని మింట్ టీమ్ ఇదే ట్రిక్ వాడింది. స్నాప్‌డీ ప్యాకేజీకి మైనస్ 10 పెట్టిన ఫైల్‌ని సిస్టమ్‌తో పాటే ఇచ్చింది.

ఇంకో మంచి ఉదాహరణ ఫైర్‌ఫాక్స్. ఉబుంటు 22.04 నుంచి యాప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్ కొడితే వచ్చేది స్నాప్ వెర్షన్. డెబ్ కావాలనుకునే వాళ్ళ కోసం మొజిల్లా వాళ్ళే సొంత యాప్ట్ రిపోజిటరీ పెట్టారు. వాళ్ళ ఇన్‌స్ట్రక్షన్స్ ఒకసారి చదవండి, కీని కీరింగ్స్‌లో పెట్టడం, ఫింగర్‌ప్రింట్ సరిచూడటం, సైన్డ్ బై, చివర్లో పిన్నింగ్, అన్నీ వరసగా ఉంటాయి. పిన్ ఎందుకంటే, ఉబుంటు ఆ స్నాప్ ప్యాకేజీ వెర్షన్‌కి ముందు 1 కోలన్ అని తగిలించింది. దాన్ని ఎపాక్ అంటారు. ఎపాక్ ఉంటే మిగతా నంబర్ ఎంతున్నా అదే పెద్దది. మొజిల్లా వెర్షన్ 130 అయినా 140 అయినా యాప్ట్‌కి ఉబుంటుదే కొత్తగా కనిపిస్తుంది. అందుకని మొజిల్లా రిపోజిటరీకి 1000 మార్కులు ఇవ్వాలి. 1000 ఇస్తే వెర్షన్ తగ్గినా సరే అదే తీసుకుంటుంది. అంత పెద్ద మార్కు కాబట్టే, నేనైతే దాన్ని ఫైర్‌ఫాక్స్ అనే పేరుతో మొదలయ్యే ప్యాకేజీలకి మాత్రమే ఇస్తాను. మొజిల్లా మీద అనుమానం ఉండి కాదు, బ్రౌజర్ ఇచ్చేవాళ్ళకి బ్రౌజర్ గది చాలు అని.

మూడో ప్రశ్న, ఎన్నాళ్ళు? మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

ఉబుంటు ఎల్‌టీఎస్ అంటే మెయిన్ ప్యాకేజీలకి 5 సంవత్సరాల సెక్యూరిటీ అప్‌డేట్స్. థర్డ్ పార్టీ రిపోజిటరీకి అలాంటి గ్యారంటీ ఉండకపోవచ్చు. పీపీఏలు ఉన్నాయి కదా, లాంచ్‌ప్యాడ్ సైట్‌లో ఎవరైనా అకౌంట్ తెరిచి పెట్టుకోవచ్చు. వాటిలో డెడ్‌స్నేక్స్ లాగా రకరకాల పైథాన్ వెర్షన్లు ఓపిగ్గా ఇచ్చేవీ ఉన్నాయి, ఎవరో నాలుగేళ్ళ కింద సరదాగా మొదలుపెట్టి వదిలేసినవీ ఉన్నాయి. యాడ్ చేసే ముందు ఆ పేజీలో ప్యాకేజీలు చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయ్యాయో చూడండి. మీ ఉబుంటు వెర్షన్‌కి ఉన్నాయా చూడండి. రెండు నిమిషాల పని.

సర్వర్ నడిపేవాళ్ళు ఇంకో సంగతి వినండి. ఉబుంటు సర్వర్‌లో సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆటోమేటిక్‌గా పడుతుంటాయి, అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అని. కానీ డీఫాల్ట్‌గా అది ఉబుంటు సొంత రిపోజిటరీలకే. మీరు ఎన్‌జిన్ఎక్స్‌ని బయటి రిపోజిటరీ నుంచి వేసుకుని, అంతా ఆటోమేటిక్ కదా అని కూర్చుంటే, అది అప్‌డేట్ అవ్వదు. ఆ రిపోజిటరీని అలవ్డ్ ఆరిజిన్స్ లిస్ట్‌లో చేర్చాలి, లేదా వారానికోసారి మీరే చేయాలి.

వెర్షన్ మారేటప్పుడు, అంటే 22.04 నుంచి 24.04కి వెళ్ళేటప్పుడు, అప్‌గ్రేడ్ టూల్ థర్డ్ పార్టీ రిపోజిటరీలన్నిటినీ డిసేబుల్ చేస్తుంది. మంచి పనే. కానీ వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలు మాత్రం అక్కడే ఉండొచ్చు, అప్‌డేట్స్ లేకుండా. రిపోజిటరీ ఫైల్‌ని చేత్తో డిలీట్ చేసినా అంతే, లైన్ పోతుంది కానీ ప్యాకేజీ మిగులుతుంది. పీపీఏ అయితే పీపీఏ పర్జ్ అనే టూల్ ఉంది. అది పీపీఏని ఆపి, ప్యాకేజీలని ఉబుంటు అఫీషియల్ వెర్షన్‌కి వెనక్కి తెస్తుంది. మిగతావాటికి మీరే చూసుకోవాలి.

అఫీషియల్ రిపోజిటరీలో అయితే అంతా సేఫేనా అని కొందరు అడుగుతారు. రెండు సంఘటనలు చెప్తాను.

2021 మొదట్లో రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లో మామూలు అప్‌డేట్ ఒకటి వచ్చింది. దానిలోని ఒక ప్యాకేజీ, యూజర్లని అడగకుండా మైక్రోసాఫ్ట్ రిపోజిటరీని, దాని కీని సిస్టమ్‌లో చేర్చింది, వీఎస్ కోడ్ ఈజీగా ఇన్‌స్టాల్ చేసుకోవడానికని. వైరస్ ఏమీ లేదు. కానీ చాలామందికి కోపం వచ్చింది, నా మెషీన్‌లోకి ఎవరొస్తారో నాకు చెప్పాలి కదా అని. క్రోమ్ డెబ్ ఫైల్ వేసుకున్నా గూగుల్ రిపోజిటరీ మీ లిస్ట్‌లో చేరుతుంది. కాబట్టి మీరు ఒక్కటి కూడా యాడ్ చేయలేదు అనుకున్నా, లిస్ట్ తెరిచి చూడాల్సిందే.

రెండోది 2024 మార్చిలో. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దాని మెయింటైనర్ ఒకరే దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం అవుతోందని అనుమానపడి తవ్వితే బయటపడింది. అప్పటికి ఆ వెర్షన్ డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్‌లోకి వచ్చేసింది. కానీ స్టేబుల్‌లోకి రాలేదు. అర్థమైందా? పాత వెర్షన్లు ఇస్తారు అని మనం తిట్టుకునే ఆ ఆలస్యమే, కోట్ల సర్వర్లలోకి అది వెళ్ళకుండా ఆపింది. థర్డ్ పార్టీ రిపోజిటరీలో ఆ నిరీక్షణ ఉండకపోవచ్చు, పొద్దున పబ్లిష్ చేస్తే మధ్యాహ్నానికి మీ దగ్గరుంటుంది. లేటెస్ట్ అనే మాటకి మనం కట్టే ధర అది. కొన్నిసార్లు కట్టొచ్చు, కట్టే ముందు ఎంతో తెలియాలి.

ఇప్పుడు ప్రాక్టికల్. టెర్మినల్ తెరవండి, నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ ఫోల్డర్‌లో ఏ ఫైళ్ళు ఉన్నాయో చూడండి. ప్రతి దాని పక్కన ఒక పేపర్ మీద రాయండి, ఇది ఎందుకు యాడ్ చేశాను అని. జవాబు గుర్తురాకపోతే అదే మొదటి అనుమానితుడు.

రెండు, యాప్ట్ పాలసీ అని కొట్టండి. అన్ని రిపోజిటరీలూ వాటి మార్కులతో సహా వస్తాయి. దాని పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే, అది ఏ రిపోజిటరీ నుంచి వచ్చిందో చెబుతుంది.

మూడు, యాప్ట్ లిస్ట్, పక్కన కోట్స్‌లో క్వశ్చన్ మార్క్ అబ్సలీట్. స్క్రీన్ మీద స్పెల్లింగ్ చూడండి. ఏ రిపోజిటరీలోనూ లేని, అంటే దిక్కూమొక్కూ లేకుండా మిగిలిపోయిన ప్యాకేజీలు కనిపిస్తాయి. మీరు చేత్తో వేసుకున్న డెబ్ ఫైళ్ళు కూడా ఇందులో వస్తాయి, కంగారు పడకండి. ఒక్కొక్కటీ చూసి అక్కర్లేనివి తీసేయండి.

నాలుగు, ఏ ఫైల్‌లోనైనా ట్రస్టెడ్ అనే మాట ఉందేమో గ్రెప్‌తో వెతకండి. దొరికితే ఇవాళే సరిచేయండి, రేపటికి వాయిదా వద్దు.

పీసీ లేని ఫ్రెండ్స్, మీకు ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే అందులో ఉన్నది కూడా యాప్టే. రూట్ లేదు కాబట్టి నష్టం చాలావరకు టెర్మక్స్ గది లోపలే ఉంటుంది. కానీ స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చి ఉంటే మీ ఫోటోలు కూడా ఆ గదిలోకే వస్తాయని మర్చిపోకండి. రిపోజిటరీలు ఎలా పనిచేస్తాయో నేర్చుకోవడానికి మాత్రం అది మంచి ప్లేస్.

చివరిగా ఒక మాట. నేను కూడా వీడియో కింద కమాండ్లు ఇస్తుంటాను. వాటినీ గుడ్డిగా పేస్ట్ చేయకండి. లైన్ బై లైన్ చదవండి. సుడో ఉన్న ప్రతి లైన్ దగ్గరా ఆగండి, ఇది ఎవరిని లోపలికి పిలుస్తోంది అని అడగండి. అర్థం కాకపోతే మెసేజ్ పెట్టండి, సిల్లీ డౌట్ అని ఎవరూ నవ్వరు ఇక్కడ.

వచ్చే ఎపిసోడ్‌లో, రిపోజిటరీ యాడ్ చేయకుండానే కొత్త యాప్స్ వాడుకునే దారి, ఫ్లాట్‌ప్యాక్ గురించి చూద్దాం. దానిలో యాప్‌కి సొంత గది ఎంతవరకు ఉంటుంది, గోడలు ఎక్కడ పల్చగా ఉంటాయి అన్నది కూడా తేల్చేద్దాం. అప్పటివరకు ఆ నాలుగు పనులు చేసి, మీ లిస్ట్‌లో ఎన్ని రిపోజిటరీలు దొరికాయో, అందులో ఎన్ని గుర్తుపట్టారో నాకు చెప్పండి. ఉంటాను మరి, బై.